ఇన్‌లైన్ స్కేట్స్‌కి బేరింగులు: ఒక మోటార్ మెకానిక్ చెప్పే లెక్క

నాది పాలకొల్లులో మోటార్ల రీవైండింగ్ షాపు. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్లు, చేల పంపుసెట్లు, అప్పుడప్పుడు రైస్ మిల్లు మోటారు, ఇదీ నా పని. ఈ మధ్య మా వైపు పిల్లలు సాయంత్రం పూట స్కేటింగ్‌కి వెళ్లడం ఎక్కువైంది. మా అమ్మాయీ వెళ్తుంది. ఆ పరిచయంతో స్కేట్స్ పట్టుకుని షాపుకొచ్చే నాన్నలు తయారయ్యారు. "ఏవండీ, ఆన్‌లైన్‌లో బేరింగుల్లో ఏబెక్ 7 ఉంది, 9 ఉంది, 11 కూడా ఉంది. ఏది తెప్పించమంటారు?" అని అడుగుతారు. ఆ నంబరు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ వాడు ఎక్కడ తిరుగుతాడో చెప్పండి అంటాను. సిమెంటు రింకులోనా, కాలవగట్టు రోడ్డు మీదా, పేరుపాలెం బీచి దగ్గరా? బేరింగు ఎంపిక అక్కడ మొదలవుతుంది.

సైజు సంగతి చిన్నదే, ముందు తేల్చేద్దాం. చక్రాలు ఒకే వరసలో ఉండే ఇప్పటి ఇన్‌లైన్ స్కేట్స్‌లో దాదాపు అన్నిటికీ 608 బేరింగే. రెండు ఉక్కు రింగుల మధ్య బాల్స్ దొర్లే బిళ్ల ఇది. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. చక్రానికి రెండు చొప్పున నాలుగు చక్రాల జతకి 16 కావాలి, మూడు పెద్ద చక్రాల జతకి 12. ఇది స్కేట్స్ కోసమే చేసిన బేరింగు కాదు. చిన్న మోటార్లలో, పవర్ టూల్స్‌లో ఉండేదీ ఇదే. కాబట్టి రాజమండ్రిలోనో భీమవరంలోనో మామూలు బేరింగుల షాపుకెళ్లి 608 అంటే చాలు, తీసిస్తారు. కొన్ని స్కేట్స్‌లో 688 అనే బుల్లిది ఉంటుంది, దాని బయటి వ్యాసం 16, మందం 5. నాలుగు మూలలా చక్రాలుండే క్వాడ్ స్కేట్స్‌లో కొన్నిటికి చక్రం గుండా పోయే యాక్సిల్ 7 మిల్లీమీటర్లే, వాటికి 627 కావాలి. ఊహించి కొనకండి. ఒక చక్రం విప్పి పాత బేరింగు మీద నంబరు చదవండి. తుప్పులో నంబరు పోతే వెర్నియర్ ఉన్న ఏ లేత్ షాపులోనైనా నిమిషంలో కొలిచి చెబుతారు.

ఏబెక్ అంటే ఏమిటి, ఏమిటి కాదు

ఏబెక్ అనేది అమెరికా బేరింగు తయారీదారుల సంఘం పెట్టిన కొలతల గ్రేడు. అందులో 1, 3, 5, 7, 9 ఉన్నాయి, అంతే. పెట్టె మీద 11 అని అచ్చేసి ఉంటే ఆ పెట్టె మీద ఇంకేం రాసినా నేను నమ్మను. రంధ్రం, బయటి వ్యాసం, మందం చెప్పిన కొలతకి ఎంత దగ్గరగా ఉన్నాయి, తిరిగేటప్పుడు రింగు ఎంత ఊగుతుంది అన్నదే ఈ గ్రేడు చెబుతుంది. ఏబెక్ 1లో 8 మిల్లీమీటర్ల రంధ్రం 8 మైక్రాన్ల వరకు తక్కువ ఉండొచ్చు. ఏబెక్ 7లో 4 మైక్రాన్ల వరకే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ బేరింగుని మనం ఎక్కిస్తున్నది చక్రం నడిమి ప్లాస్టిక్ హబ్బులోకి, లోపల నుంచి దూరుస్తున్నది కాస్త వదులుగానే ఉండే యాక్సిల్. ఇక ఆ నాలుగు మైక్రాన్లు పిల్లవాడి కాలికేం తెలుస్తాయి చెప్పండి!

ఉక్కు ఎలాంటిది, బాల్స్ ఎంత నునుపు, లోపల ఎంత సందు వదిలారు, ఏ గ్రీజు పెట్టారు, పక్కన మూసే సీలు ఎలాంటిది అన్న విషయాల జోలికి ఏబెక్ పోదు. నా దృష్టిలో బేరింగు బతుకు ఆధారపడేది వాటి మీదే.

వేగం లెక్క కూడా చూడండి. 90 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే 28 సెంటీమీటర్ల పైచిలుకు ముందుకెళ్తుంది. గంటకి 25 కిలోమీటర్లంటే పిల్లలకి గట్టి వేగమే. ఆ వేగంలో చక్రం నిమిషానికి సుమారు 1,470 చుట్లు తిరుగుతుంది. చెరువులో ఏరియేటర్‌ని తిప్పే నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి 1,440 చుట్ల దగ్గర నడుస్తుంది. రెండూ ఇంచుమించు ఒకటే. ఆ మోటార్లలో నేను వేసేది మామూలు గ్రేడు బేరింగే, రాత్రంతా తిరిగినా దానికేం కాదు. పాడై నా బల్ల మీదకొచ్చినవాటిలో నీళ్లు దిగి ఉంటాయి, లేకపోతే గ్రీజు ఎండిపోయి ఉంటుంది, లేదా ఎవరో సుత్తితో బాది ఎక్కించి ఉంటారు. గ్రేడు చాలక పోయిన బేరింగు మాత్రం నాకు తగల్లేదు. ఇనప మూతలున్న మంచి కంపెనీ 608ని క్యాటలాగులు నిమిషానికి 30,000 చుట్లు దాటినా తట్టుకుంటుందని రాస్తాయి. స్కేట్స్‌లో అందులో పదో వంతు వేగం రావడమే గొప్ప.

"మరి స్మూత్‌గా వెళ్లాలంటే?" అంటారు. దానికీ లెక్కుంది. ఈ రకం బాల్ బేరింగుకి క్యాటలాగులిచ్చే రాపిడి గుణకం 0.0015. దాని ప్రకారం 80 మిల్లీమీటర్ల చక్రాల మీద 70 కేజీల మనిషి వెళ్తుంటే, బాల్స్ దొర్లడం వల్ల కలిగే అడ్డు మొత్తం కలిపి పది గ్రాముల బరువు వెనక్కి లాగినంత. 25 కేజీల పిల్లకి నాలుగు గ్రాములు. చక్రం రోడ్డు మీద నొక్కుకుని మళ్లీ లేవడంలో, ఎదురుగాలిలో పోయే శక్తి దీనికి ఎన్నో రెట్లు. చక్రాలు అరిగిపోయిన స్కేట్స్‌కి ఖరీదైన బేరింగులు వేసి తేడా వెతుక్కోవడం దండగ. ఆ డబ్బు చక్రాల మీద పెట్టండి.

షాపుల్లో చేసే ఇంకో పరీక్ష, చక్రాన్ని వేలితో గిర్రున తిప్పి ఎంతసేపు తిరుగుతుందో చూడటం. అది చూసి మురిసిపోకండి. గ్రీజు నిండుగా ఉన్న కొత్త బేరింగు రెండు చుట్లకే ఆగుతుంది. గ్రీజంతా పోయి ఎండిన పాతది నిమిషం సేపు ఈల వేస్తూ తిరుగుతుంది. మనిషి బరువు పడ్డాక సంగతి వేరు. మొదటిది నిశ్శబ్దంగా నడుస్తుంది, రెండోది లోపల్లోపలే అరుగుతూ ఉంటుంది.

మన దగ్గర బేరింగుకి అసలు శత్రువులు

మాది కాలవల దేశం. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, ఆ తర్వాత తుఫాన్లు, మిగతా రోజుల్లో కూడా గాల్లో తేమ. నరసాపురం, మొగల్తూరు వైపు వెళ్తే తేమకి ఉప్పు కూడా తోడవుతుంది. కోతల రోజుల్లో రోడ్డు పొడవునా వడ్లు ఆరబోస్తారు, దాని దుమ్ము ముక్కులోకి పోయినట్టే బేరింగులోకీ పోతుంది. కోనసీమ రోడ్లలో కొబ్బరి పీచు ఒకటి. అది యాక్సిల్ చుట్టూ దారంలా చుట్టుకుని ఫ్రేముకీ బేరింగుకీ మధ్య బిగుసుకుంటుంది. ఆడపిల్లల జుట్టు కూడా అంతే. చక్రాలు విప్పినప్పుడల్లా ముందు అక్కడ చూడండి. ఆ చుట్టని పట్టకారుతో తీసేస్తే 'బేరింగు పట్టేసింది' అనుకున్న చక్రం బాగైపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అందుకే నేను మొదట చూసేది మూత. మూడు రకాలున్నాయి. ఇనప మూత లోపలి రింగుకి తగలదు, సన్నని సందు ఉంటుంది. దుమ్మును బాగానే ఆపుతుంది, నీళ్లను ఆపదు. ఎస్‌కేఎఫ్ అనే బేరింగు కంపెనీ వాళ్లు దీన్ని 2జెడ్ అని రాస్తే ఎన్‌ఎస్‌కే, ఎన్‌టీఎన్ లాంటి జపాన్ కంపెనీలు జెడ్‌జెడ్ అని రాస్తాయి. రెండోది లోపలి రింగుకి ఆనుకుని ఉండే రబ్బరు సీలు. ఇది నీళ్లను బాగా ఆపుతుంది, కానీ రాసుకుంటూ తిరుగుతుంది కాబట్టి కాస్త బిగుతు. ఎస్‌కేఎఫ్‌లో 2ఆర్‌ఎస్ అని మొదలయ్యేవి, ఎన్‌ఎస్‌కేలో డీడీయూ, ఎన్‌టీఎన్‌లో ఎల్‌ఎల్‌యూ ఇవే. మూడోది రబ్బరుదే గానీ రింగుకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది. ఎస్‌కేఎఫ్‌లో 2ఆర్‌జెడ్, ఎన్‌ఎస్‌కేలో వీవీ, ఎన్‌టీఎన్‌లో ఎల్‌ఎల్‌బీ. రాపిడి ఉండదు, చినుకులకి, దుమ్ముకి ఇనప మూత కంటే మేలు.

ఇక్కడ చిన్నపిల్లల విషయంలో ఒక మెలిక ఉంది. బాల్స్ రాపిడి మనిషి బరువుని బట్టి మారుతుంది. సీలు రాపిడి మాత్రం ఎవరెక్కినా ఒకటే. 70 కేజీల నాన్నకి తెలియని బిగుతు 20 కేజీల బుడ్డదానికి తెలుస్తుంది, ఎందుకంటే పదహారు బేరింగుల సీళ్లనీ తిప్పాల్సింది ఆ చిన్న కాళ్లే. అందుకని చిన్నపిల్లలకి నేను ఆనుకోని రబ్బరు సీలుదే చెబుతాను. దొరక్కపోతే ఇనప మూతది. వానలోనూ రోడ్డు మీద తిరిగే పెద్దవాళ్లకి ఆనుకునే సీలుది. కప్పు ఉన్న రింకులో మాత్రమే తిరిగేవాళ్లకి ఇనప మూత చాలు, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

మూత ఊడదీయడానికి వీలుందా అన్నది కూడా ఇప్పుడే చూడాలి. రబ్బరు సీలైతే లోపలి అంచు దగ్గర గుండుసూది పెట్టి లేపితే వచ్చేస్తుంది. ఇనప మూతల్లో కొన్నిటికి అంచున సన్నని తీగ రింగు ఉంటుంది. అది ఊడితే మూత ఊడుతుంది. తీగ లేకుండా నొక్కేసిన మూతలు విప్పితే వంకరపోతాయి, మళ్లీ పట్టవు. అవి శుభ్రం చేసి వాడుకునేవి కావు, పాడైతే మార్చడమే. కొన్ని స్కేట్స్ బేరింగులకి ఒకవైపే మూత ఉంటుంది. మూత బయటికి, తెరిచి ఉన్న వైపు హబ్బు లోపలికి రావాలి. తిరగేసి బిగించినవి కూడా నా దగ్గరికొచ్చాయి, లోపల కాలవ మట్టి నిండుగా.

ఉక్కు విషయానికొస్తే మామూలు క్రోమ్ స్టీలు చాలు. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు నెమ్మదిగా పడుతుంది. సముద్రం పక్క ఊళ్లవాళ్లు ఆ డబ్బు పెట్టడంలో అర్థముంది. సెరామిక్ అని అమ్మేవాటిలో ఎక్కువ వాటికి బాల్స్ మాత్రమే సిలికాన్ నైట్రైడ్, రింగులు ఉక్కువే. బాల్స్‌కి తుప్పు పట్టదు, నిజమే, కానీ అవి దొర్లే దారికి పడుతుంది. పైగా ఆ బాల్స్ ఉక్కు కంటే గట్టివి. మధ్యలో ఇసుక రేణువు పడితే దెబ్బ తినేది రింగే. మన రోడ్లకి అది డబ్బున్నవాళ్ల సరదా అని నా అభిప్రాయం. రేసులో సెకన్లు లెక్కపెట్టుకునే పిల్లలకి కోచ్ చెబితే వేరే విషయం.

నంబరు చివర సీ3 అని ఉంటే లోపల సందు మామూలు కంటే కాస్త ఎక్కువ వదిలారని అర్థం. వేడెక్కే మోటార్లకి మేం కావాలనే తెస్తాం. స్కేట్స్‌లో కూడా పక్కకి వాలే బరువుని అది బాగానే తట్టుకుంటుంది. చేతిలో పట్టుకుని ఊపితే లొడలొడలాడినట్టుంటుంది, పాతదేమో అని తిరిగి ఇచ్చేయకండి.

పేరున్న కంపెనీలకి నకిలీలు ఉన్నాయి. మరీ చవగ్గా దొరికిన 'జపాన్' బేరింగు కంటే అసలు డీలరు దగ్గర బిల్లుతో కొన్న దేశీ బేరింగు నయం.

స్పేసర్ లేకపోతే ఏ బేరింగైనా వృథా

కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నా దగ్గరికొచ్చే సగం ఫిర్యాదులు ఇక్కడివే. చక్రం హబ్బులో రెండు వైపులా రెండు బేరింగులు కూర్చుంటాయి. బయటి రింగులు హబ్బు లోపలి గట్టుకి ఆనుకుంటాయి. లోపలి రింగుల మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఉండే చిన్న గొట్టమే స్పేసర్. అది లేకుండా యాక్సిల్ బిగిస్తే ఫ్రేము రెండు లోపలి రింగుల్నీ ఒకదానివైపు ఒకటి నెట్టేస్తుంది. బయటి రింగులు కదలవు. మధ్యలో బాల్స్ పక్కకి నలుగుతాయి. చక్రం పట్టేస్తుంది. అప్పుడు మనవాళ్లు చేసే పని యాక్సిల్‌ని అర చుట్టు వదులు చేయడం. చక్రం తిరుగుతుంది, రెండు రోజులకి బోల్టు రోడ్డు మీద రాలిపోతుంది, పిల్లవాడు మోచేయి కొట్టుకుంటాడు.

స్పేసర్ పొడవు హబ్బు లోపలి గట్టు వెడల్పు కంటే రవంత ఎక్కువ ఉండాలి. మామూలుగా గట్టు 10 మిల్లీమీటర్ల దగ్గర, స్పేసర్ 10.2, 10.3 అలా ఉంటుంది. పరీక్ష సులువు. యాక్సిల్ పూర్తిగా బిగించండి. చక్రం స్వేచ్ఛగా తిరగాలి, చేత్తో అటూ ఇటూ కదిపితే తెలిసీ తెలియనంత ఆట ఉండాలి. బిగించగానే పట్టేస్తే స్పేసర్ పొట్టి, లేదా బేరింగు గట్టు దాకా దిగలేదు. బిగించినా లటలటలాడితే స్పేసర్ పొడుగు. చక్రాల కంపెనీ మారితే గట్టు కొలత కూడా మారొచ్చు, పాత స్పేసర్ కొత్త చక్రానికి సరిపోతుందన్న నమ్మకం లేదు.

యాక్సిల్‌లో కూడా రెండు రకాలున్నాయి. 8 మిల్లీమీటర్ల యాక్సిల్‌కి మామూలు గొట్టం స్పేసర్. 6 మిల్లీమీటర్ల యాక్సిల్‌కి బేరింగు రంధ్రం లోపలికి కూడా వెళ్లే మెట్టు ఉన్న స్పేసర్. చవక స్కేట్స్‌లో ప్లాస్టిక్‌వి వస్తాయి, కొన్నిట్లో అసలు ఉండవు. దొరక్కపోతే లేత్ షాపులో అల్యూమినియం కడ్డీ మీద తీయించుకోవచ్చు. నేనూ అలాగే చేయిస్తాను. ఒక్కటే షరతు, రెండు చివర్లూ సరిగ్గా సమాంతరంగా కోయమని గట్టిగా చెప్పండి. వాలుగా కోస్తే లోపలి రింగు వంకరగా కూర్చుంటుంది.

ఎక్కించడం, గ్రీజు, వాన

మోటారు షాఫ్టుకి బేరింగు ఎక్కించేటప్పుడు మేం లోపలి రింగు మీద తడతాం. చక్రంలోకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద నొక్కాలి. రెండింటికీ సూత్రం ఒకటే, బిగుతుగా పట్టే రింగు మీదే బలం పడాలి, బాల్స్ గుండా పోకూడదు. బొటనవేళ్లతో సమానంగా నొక్కితే చాలు. రాకపోతే పాత బేరింగుని పైన పెట్టి నొక్కండి. సుత్తి వద్దు.

గ్రీజా, ఆయిలా అంటే మన వాతావరణానికి గ్రీజే. నీళ్లకి తొందరగా కొట్టుకుపోదు, దుమ్ముకి అడ్డుగా నిలుస్తుంది. మోటార్లకి వాడే లిథియం గ్రీజు బాల్స్ మధ్య కొద్దిగా, లోపలి ఖాళీలో మూడో వంతుకి మించకుండా పెట్టండి. నిండా కూరితే బిగుతుగా నడుస్తుంది. పోటీ రోజు కోసం వేరే సెట్టు ఉంచుకుని అందులో రెండు చుక్కల పల్చని నూనె వేసుకునేవాళ్లున్నారు. అది సరే, కానీ ఆ నూనె వారం వారం వేయాలి. కుట్టుమిషను నూనె పనిచేస్తుంది. కొబ్బరి నూనె మాత్రం వద్దండి. మా వైపు ఇంట్లో దానికి కొదవ లేదు గనక తలుపు బందు నుంచి సైకిలు దాకా అన్నిటికీ అదే పూస్తారు. జనవరి చలికి గడ్డ కడుతుంది, కొన్నాళ్లకి జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయడం కూడా తప్పే. అది ఉన్న గ్రీజుని కరిగించి తీసుకుపోతుంది, దాని చోట నిలిచేదేమీ ఇవ్వదు.

శుభ్రం చేయాలంటే సీళ్లు తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఆడించండి. పెట్రోలు వాడేవాళ్లు ఆరుబయట, నిప్పుకి, పిల్లలకి దూరంగా చేయండి. రబ్బరు సీళ్లని మాత్రం పెట్రోల్లో వేయకండి, ఉబ్బిపోతాయి. వాటికి సబ్బునీళ్లు చాలు. బాగా ఆరాక వెంటనే గ్రీజు పెట్టేయాలి. ఆరబెట్టి రేపు చూద్దాం అనుకుంటే మా తేమకి తెల్లారేసరికి ఎర్రటి మరక వస్తుంది.

వానలో తడిస్తే ఆ రాత్రే విప్పండి. చక్రాలు ఊడదీసి, బేరింగులు తుడిచి, ఫ్యాను కింద పెట్టి, ఒక్కోటి కాసేపు తిప్పండి. తడి స్కేట్స్‌ని తడి సాక్సులతో కలిపి బ్యాగులో పెట్టి జిప్పు వేస్తే ఆదివారానికి కొత్త సెట్టు కొనుక్కోవాల్సిందే. ఉప్పునీటిలో దిగితే ముందు మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాతే ఆరబెట్టండి.

మార్చే సమయం వచ్చిందా లేదా అన్నది వేలికి తెలుస్తుంది. శుభ్రం చేసి గ్రీజు పెట్టాక కూడా తిప్పితే గరగరమంటున్నా, ఒకచోట ఆగి ఆగి వెళ్తున్నా దొర్లే దారి మీద గుంటలు పడ్డాయని అర్థం. అది ఇక బాగుపడదు. పదహారిట్లో మూడు పోతే మూడే మార్చండి, సెట్టు మొత్తం కొనాలన్న నియమం ఏమీ లేదు. ఒక చక్రంలో ఉండే రెండూ మాత్రం ఒకే రకం వేయండి. కొనేటప్పుడే రెండు బేరింగులు అదనంగా తెచ్చుకుని, స్పేసర్‌తో పాటు చిన్న డబ్బాలో ఉంచుకోండి. పోటీకి కాకినాడ వెళ్లినప్పుడు ఆదివారం సాయంత్రం బేరింగుల షాపు తెరిచి ఉండదు.